రన్నింగ్ బ్యాక్ ఎదుగుదల ఎక్కడి నుంచి వస్తుంది? కాళ్లా, కళ్లా, ముందున్న లైనా?

జెర్సీ నివాసి · 2025 ఫిబ్రవరి 11

నేను అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెయింట్స్‌కు అభిమానిని. ఆదివారం న్యూ ఆర్లియన్స్‌లో రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) సేక్వాన్ బార్క్లీ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచాడు, అదీ తన ఇరవై ఎనిమిదో పుట్టినరోజున. ఆరేళ్లు మా జట్టుకు ఆడినవాడు ఫిలడెల్ఫియా ఈగిల్స్ చొక్కాలో ట్రోఫీ ఎత్తుకుంటుంటే మనసు చివుక్కుమంది. అయినా అతనికి దక్కాల్సిందే దక్కింది.

నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఇది. 2023లో మా దగ్గర అతను 247 సార్లు బంతి తీసుకుని 962 గజాలు పరుగెత్తాడు, ఒక్కో పరుగుకు సగటు 3.9. మరుసటి సీజన్‌లోనే ఫిలడెల్ఫియాలో 345 సార్లకు 2005 గజాలు, సగటు 5.8. మనిషి అతనే, కాళ్లూ అవే. పైగా 2020లో షికాగో మ్యాచ్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంటు తెగిన మనిషి. మరి ఏం మారింది?

బార్క్లీ ఒక్కడి గురించే కాదు నా ప్రశ్న. ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి (అమెరికా వృత్తి లీగ్) వచ్చాక రన్నింగ్ బ్యాక్ నిజంగా నేర్చుకునేది ఏమిటి? వేగం కాలేజీలో ఉండగానే వచ్చేస్తుంది. ఇక్కడికి వచ్చాక ఎవరూ మరింత వేగంగా పరుగెత్తడం నేను చూడలేదు. అయినా కొందరు మూడో ఏటికో నాలుగో ఏటికో వేరే ఆటగాళ్లలా కనిపిస్తారు. ఎందుకు?

బ్రాడ్ స్ట్రీట్ · 2025 ఫిబ్రవరి 11

ఫిలడెల్ఫియా నుంచి రాస్తున్నాను. నా జవాబు సూటిగానే చెబుతాను: లైను, అంటే బంతి పట్టినవాడి ముందు నిలిచి ఎదుటివాళ్లను అడ్డుకునే ఐదుగురు.

జోర్డాన్ మైలాటా ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి, 365 పౌండ్లు. ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడుకుంటున్నవాడిని 2018 డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్తవాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఏడో రౌండులో తీసుకున్నారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో అతనికి ఓనమాలు దిద్దించింది లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌లాండ్. అటువైపు లేన్ జాన్సన్, మధ్యలో డికర్సన్, జర్గెన్స్, బెక్టన్. వీళ్ల వెనక నిలబడితే మొదటి మూడు గజాలు ఎవరి చెయ్యీ తగలకుండా గడిచిపోయే ఆటలు ఎన్నో. జెయింట్స్ ఆడే న్యూజెర్సీలో బార్క్లీకి బంతి అందేసరికే ఎదుటివాడు అతని చొక్కా పట్టుకుని ఉండేవాడు.

ఇంకొకటి. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరే ఆటగాడు) జేలన్ హర్ట్స్ కూడా పరుగెత్తగలడు. కాబట్టి డిఫెన్స్ అతని కోసం ఒక మనిషిని కాపలా ఉంచక తప్పదు. బయటి వైపు బంతి అందుకోవడానికి ఏజే బ్రౌన్, డెవాంటా స్మిత్ ఉన్నారు, వాళ్లను వదిలేసి ఎనిమిది మందిని లైను దగ్గరికి దింపడం కుదరదు. బార్క్లీకి ఇన్నేళ్లకు దొరికింది ఆ ఖాళీ.

లెక్కల మాస్టారు · 2025 ఫిబ్రవరి 11

బ్రాడ్ స్ట్రీట్ గారూ, మీ మాట కాదనను కానీ అంతటితో సరిపెట్టుకోలేను. 2023లో ఇదే ఈగిల్స్‌కు రన్నింగ్ బ్యాక్ డీఆండ్రే స్విఫ్ట్. అప్పుడు లైను మధ్యలో జేసన్ కెల్సీ ఉన్నాడు, మైలాటా, డికర్సన్, జాన్సన్ ఉన్నారు, జర్గెన్స్ పక్క స్థానంలో ఉన్నాడు. అదే హర్ట్స్, అదే బ్రౌన్, అదే స్మిత్. స్విఫ్ట్ 229 సార్లకు 1049 గజాలు తెచ్చాడు, సగటు 4.6. మంచి సీజనే, ఆ ఏడాది మేటి ఆటగాళ్లను ఎంచే ప్రో బౌల్‌కు కూడా వెళ్లాడు.

బార్క్లీ తెచ్చింది 956 గజాలు ఎక్కువ. అతనికి బంతి ఎక్కువ సార్లు ఇచ్చారన్నది నిజం, అందులో కొంత దానికే పోతుంది. కానీ ప్రతి పరుగుకూ 1.2 గజాల తేడా ఉంది. దాన్ని లైను ఖాతాలో వేయలేం. లైను ఇచ్చిన ఖాళీలోంచి బయటపడ్డాక చివరి డిఫెండర్‌ను దాటడం పూర్తిగా పరుగెత్తేవాడి పని. నవంబరు 24న లాస్ ఏంజెలెస్‌లో ర్యామ్స్ మీద 255 గజాలు తెచ్చిన రోజు, 70 గజాలది ఒకటి, 72 గజాలది ఒకటి, రెండు టచ్‌డౌన్లు (బంతితో ఎదుటి గోల్ గీత దాటడం) చేశాడు. తలుపు తెరిచింది లైనే. చివరి యాభై గజాలూ మాత్రం అతనివే.

మైల్ హై · 2025 ఫిబ్రవరి 12

డెన్వర్‌లో స్థిరపడిన నాలాంటివాళ్లకు ఈ వాదన కొత్త కాదు. ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది.

డెన్వర్ బ్రాంకోస్ జట్టు రన్నింగ్ బ్యాక్ టెరెల్ డేవిస్‌ను 1995లో ఆరో రౌండులో 196వ ఆటగాడిగా తీసుకున్నారు. సీజన్‌కు ముందు టోక్యోలో జరిగిన సన్నాహక మ్యాచ్‌కు ముందు అతను అన్నీ వదిలేసి ఇంటికి పోదామనుకున్నాడు. ఆ మ్యాచ్‌లో కిక్‌ఆఫ్‌లో తన్నిన బంతి అందుకుని వస్తున్నవాడిని ఒక్క దెబ్బతో పడగొట్టాడు. కోచ్‌ల కళ్లు అప్పుడు పడ్డాయి అతని మీద. ఆ ఏడాది 1117 గజాలు, తర్వాత 1538, ఆ తర్వాత 1750, 1998లో 2008. ఏటికేడూ పెరుగుదల అంటే ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు.

అయితే లైన్ కోచ్ అలెక్స్ గిబ్స్ నేర్పిన జోన్ బ్లాకింగ్ అనేది ఒకటి ఉంది. లైనులోని ఐదుగురూ ఒకే అడుగుతో ఒకే పక్కకు కదులుతారు, తమ దారిలోకి వచ్చినవాడిని అడ్డుకుంటారు. పరుగెత్తేవాడు వాళ్లతో పాటు పక్కకు సాగి, గోడలో చీలిక కనపడగానే ఒకే ఒక్కసారి కాలు నాటి నిలువుగా దూసుకుపోవాలి. రెండోసారి ఆలోచించకూడదు. డేవిస్ మోకాలు 1999లో దెబ్బతింది. ఆ ఏడాది కొత్తవాడు ఒలాండిస్ గ్యారీ 1159 గజాలు తెచ్చాడు. 2000లో ఇంకో కొత్తవాడు మైక్ ఆండర్సన్ 1487. 2002లో మళ్లీ కొత్తవాడే, క్లింటన్ పోర్టిస్, 1508. మొదటి ఏడాదే ఇంతింత తెస్తున్నప్పుడు అనుభవంతో వచ్చే మెరుగుదల ఎక్కడ ఉన్నట్టు?

ఉప్పల్ కుర్రాడు · 2025 ఫిబ్రవరి 12

హైదరాబాదు నుంచి. సోమవారం తెల్లవారుజామున ఐదింటికి లేచి సూపర్ బౌల్ చూశాను. ఈ ఆటకు కొత్తవాణ్ని, కబడ్డీ చూస్తూ పెరిగాను. బార్క్లీ ఆ ఫైనల్‌లో 25 సార్లకు 57 గజాలే తెచ్చాడు. అంటే కూతకు వెళ్లి గీత కూడా తాకకుండా వెనక్కి వచ్చినట్టే కదా? అయినా ఈగిల్స్ 40-22తో చిత్తుగా గెలిచారు. అతను బాగా ఆడినట్టా, ఆడనట్టా?

ఫ్రిస్కో అమ్మ · 2025 ఫిబ్రవరి 12

బాగానే ఆడాడు నాయనా. ప్రత్యర్థి చీఫ్స్ ఆ రోజు మిగతావన్నీ పక్కన పెట్టి అతన్ని ఆపడానికే దిగారు. దాంతో బంతి విసరడానికి హర్ట్స్‌కు వీలు చిక్కింది. బార్క్లీ కూడా ఆరు సార్లు బంతి అందుకున్నాడు. ఇక టీవీలో కనపడని పని ఒకటి ఉంటుంది. దాని గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది.

మా అబ్బాయి ఇక్కడ టెక్సస్‌లో హైస్కూలు జట్టులో రన్నింగ్ బ్యాక్. వాడి సాధన కంచె బయట నిలబడి చూస్తుంటాను. వాళ్ల కోచ్ ఎక్కువ సమయం వెచ్చించేది పరుగు మీద కాదు, క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటం మీద. వాణ్ని క్వార్టర్‌బ్యాక్ పక్కన నిలబెడతారు. ఎదురుగా ముగ్గురు పిల్లలు మెత్తటి దిండ్లు పట్టుకుని ఉంటారు. కోచ్ వెనక నుంచి వేలు చూపిస్తాడు. ముగ్గురిలో ఎవరు వస్తారో, ఇద్దరు ఒకేసారి వస్తారో వాడికి తెలియదు. బంతి కదిలిన క్షణంలో కళ్లు ముందు లోపలికి పోవాలి, ఆ తర్వాతే బయటికి. లోపలి నుంచి వచ్చేవాడికి క్వార్టర్‌బ్యాక్ దగ్గర దారి కాబట్టి ముందు వాణ్ని ఆపాలి. బయటి నుంచి వచ్చేవాడు చుట్టు తిరిగి రావాలి. ఈలోగా బంతి విసిరేయవచ్చు.

తర్వాతది ఇంకా కష్టం. పరుగెత్తుకుంటూ వచ్చేవాడి కోసం నిలబడి ఎదురుచూస్తే వాడు మీద నుంచి వెళ్లిపోతాడు. ఒకడుగు ముందుకు వేసి, మోకాళ్లు వంచి, రెండు అరచేతులూ వాడి ఛాతీ కింది నుంచి పైకి గుద్దాలి. తల దించకూడదు. మొదటి నెల మా వాడు తల దించి, కళ్లు మూసుకునేవాడు. ముంజేతుల నిండా నల్లటి మచ్చలతో ఇంటికి వచ్చేవాడు. ఇప్పుడు కళ్లు తెరిచి ఉంచుతున్నాడు. నాకు వాడి టచ్‌డౌన్ల కంటే అది గొప్పగా అనిపిస్తుంది.

కాలేజీలో వేల గజాలు పరుగెత్తినవాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మొదటి ఏడాది మూడో డౌన్‌లో (పది గజాలకు దొరికే నాలుగు ప్రయత్నాల్లో మూడోది, ఎక్కువగా బంతి విసిరేది) బెంచి మీద కూర్చోవడానికి ఎక్కువగా కారణం ఇదే. డిఫెన్స్ ముందు వరుస వెనక నిలబడే 240 పౌండ్ల లైన్‌బ్యాకర్ ఎటు నుంచి వస్తాడో పసిగట్టలేని కుర్రవాడి చేతిలో ఏ కోచ్ కూడా తన క్వార్టర్‌బ్యాక్ ఒంటిని పెట్టడు.

మైల్ హై · 2025 ఫిబ్రవరి 13

ఫ్రిస్కో అమ్మ గారూ, మీరు రాసింది చదివాక పోర్టిస్ కథ పూర్తిగా చెప్పాలనిపించింది. డెన్వర్‌లో రెండేళ్లూ అతని సగటు 5.5. 2004లో డిఫెన్స్ ఆటగాడు చాంప్ బెయిలీని తీసుకుని అతన్ని వాషింగ్టన్‌కు ఇచ్చేశారు. అక్కడ మొదటి ఏడాది 1315 గజాలు, సగటు 3.8. అంకెలు చూసినవాడు ఇతను దిగజారిపోయాడనే అంటాడు. కానీ క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను ఆపడంలో లీగ్‌లోనే మేటి రన్నింగ్ బ్యాక్‌లలో ఒకడిగా పేరు తెచ్చుకున్నది వాషింగ్టన్‌లోనే. తనకంటే పెద్దవాళ్లను గాల్లోకి లేపేవాడు. సగటు పడిపోయిన ఏళ్లలోనే ఆటగాడిగా పెరిగాడు. నేను పైన అడిగిన ప్రశ్నకు ఒక జవాబు ఇందులోనే ఉంది: మెరుగుదలను గజాల్లో మాత్రమే వెతికితే సగం కూడా దొరకదు.

జెర్సీ నివాసి · 2025 ఫిబ్రవరి 13

నేర్చుకున్నది గజాల్లో కూడా కనపడిన సందర్భం ఒకటి నా జట్టులోనే ఉంది. టికీ బార్బర్.

1997లో రెండో రౌండులో వచ్చాడు. ప్రతిభకు లోటు లేదు, కానీ బంతి చేతిలో నిలిచేది కాదు. 2000 నుంచి 2003 వరకు నాలుగు సీజన్లలో 35 ఫంబుల్స్, అంటే బంతి జారవిడవడాలు. బంతి అతని చేతికి వెళ్లిన ప్రతిసారీ స్టేడియమంతా ఊపిరి బిగబట్టుకునేది. 2004లో టామ్ కాఫ్లిన్ కోచ్‌గా వచ్చాడు, ఆయనతో పాటు రన్నింగ్ బ్యాక్‌ల కోచ్ జెరాల్డ్ ఇంగ్రమ్. వాళ్లు టికీని పరుగు మార్చుకోమనలేదు. బంతి పట్టే తీరు మార్చారు.

అంతకుముందు పరుగెత్తుతుంటే చెయ్యి ఊగేది, బంతి కిందికి జారి ఒంటికి దూరమయ్యేది. కొత్త పద్ధతిలో బంతి ముందు మొనను వేళ్లతో కప్పి పట్టాలి, వెనక మొన మోచేతి మడతలో ఇరుక్కోవాలి, బంతి ఛాతీకి అదిమి ఉండాలి, మణికట్టు మోచేయి కంటే ఎత్తులో ఉండాలి. అప్పుడు కింది నుంచి గుద్దినా, పక్క నుంచి లాగినా బంతి జారే దారి ఉండదు. అలా పట్టుకుని పరుగెత్తడం మొదట్లో ఎబ్బెట్టుగా ఉంటుంది, ఒక చెయ్యి కట్టేసినట్టే. ముప్ఫై ఏళ్లకు దగ్గరపడుతున్న మనిషి చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటును విరిచి కొత్తది నేర్చుకున్నాడు. దానికి తోడు బరువులెత్తి ఒళ్లు గట్టిపరచుకున్నాడు.

2004లో 1518 గజాలు. 2005లో 1860 గజాలు, ఆ ఏడాది మొత్తం మీద ఒకే ఒక్క ఫంబుల్. 2006లో 1662. అతని ఉత్తమమైన మూడు సీజన్లూ కెరీర్ చివరి మూడు సీజన్లే. ఈ ఆటలో ఇది ఎంత అరుదో ఇక్కడున్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. జారవిడవడన్న నమ్మకం కుదిరింది కాబట్టే కోచ్ అతనికి ఏడాదికి మూడు వందల సార్లకు పైగా బంతి ఇవ్వగలిగాడు. నైపుణ్యం వల్ల అవకాశం వచ్చింది, అవకాశం వల్ల గజాలు వచ్చాయి.

పసుపు తువ్వాలు · 2025 ఫిబ్రవరి 13

పిట్స్‌బర్గ్ అభిమానిగా లెవియన్ బెల్ పేరు నేను ఎత్తకపోతే ఎలా?

2013లో మొదటి ఏడాది సగటు 3.5. ఆ వేసవిలో బరువు తగ్గి వచ్చాడు. 2014లో 1361 గజాలు, సగటు 4.7. బరువు సంగతి అటుంచితే, అసలు మార్పు బంతి అందుకున్నాక అతను ఆగే తీరులో వచ్చింది. మిగతావాళ్లు బంతి చేతిలో పడగానే తల వంచి దూకుతారు. బెల్ లైను వెనక దాదాపు నిలబడిపోయేవాడు. ముందున్నవాళ్లు తమ పని పూర్తి చేసి, లైన్‌బ్యాకర్ ఓపిక నశించి ఒక పక్కకు అడుగు వేసేదాకా చూసి, రెండో పక్క నుంచి జారుకునేవాడు. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే కిటుకు. చేయాలంటే మాత్రం గుండె నిబ్బరం కావాలి, ఎందుకంటే అర క్షణం ఆలస్యమైతే లైను వెనకే దొరికిపోతాడు.

కానీ ఒక విషయం దాచకూడదు. అదే 2014లో మా లైన్ కోచ్‌గా మైక్ మంచక్ వచ్చాడు. లైను మధ్యలో సెంటర్‌గా పౌన్సీ, పక్కన గార్డుగా డికాస్ట్రో ఉన్నారు. బెల్ ఒప్పందం కుదరక 2018 సీజన్ మొత్తం ఆడలేదు. 2019లో జెట్స్‌కు వెళ్లి 245 సార్లకు 789 గజాలు తెచ్చాడు, సగటు 3.2. వేచి చూసే ఓపిక అతనిదే, కానీ అతను వేచి చూస్తున్నంతసేపూ గోడను పట్టుకుని నిలబడేవాళ్లు ఉండాలి. జెట్స్‌లో ఆ గోడ లేదు.

బ్రాడ్ స్ట్రీట్ · 2025 ఫిబ్రవరి 13

నేను చెబుతున్నదీ ఇదే. ఓపికకు కూడా లైనే ఆధారం.

కంబర్లాండ్ గట్టు · 2025 ఫిబ్రవరి 14

నాష్‌విల్ నుంచి డెరిక్ హెన్రీ మాట. ఆరడుగుల మూడు అంగుళాలు, 247 పౌండ్లు. అలబామాలో 2015లో కాలేజీ ఆటలో మేటివాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచాడు. అలాంటివాడు 2016లో మా టెనెసీ జట్టుకు వచ్చి రెండేళ్లు డిమార్కో ముర్రే వెనక నిలబడ్డాడు. 2018లో మొదటి పన్నెండు మ్యాచ్‌లకు కలిపి 474 గజాలే. ఇక్కడి రేడియోలో వదిలేయమన్నవాళ్లు చాలామందే.

డిసెంబరు 6న జాక్సన్‌విల్ మీద 17 సార్లకు 238 గజాలు, నాలుగు టచ్‌డౌన్లు. అందులో ఒకటి 99 గజాల పరుగు. మన గోల్ గీత ముందు నుంచి మొదలుపెట్టి, అడ్డొచ్చినవాళ్లను చేత్తో నెట్టేస్తూ అటు చివరి దాకా వెళ్లాడు. టోనీ డోర్సెట్ రికార్డుతో సమానం. చివరి నాలుగు మ్యాచ్‌లలో 585 గజాలు. 2019లో 1540, 2020లో 2027.

ఆ డిసెంబరులో అతనికి కొత్త కాళ్లు రాలేదు. అంత పొడవైన మనిషి వేగం అందుకోవడానికి నాలుగడుగులు పడుతుంది. లైను దగ్గర పక్కకు చిందులేయడం మానేసి, భుజం దించి ముక్కుసూటిగా దూకడం మొదలుపెట్టాక ఆ నాలుగు అడుగులూ ముందుకే పడ్డాయి. తన ఒంటికి ఏ తీరు సరిపోతుందో గ్రహించడం కూడా నేర్చుకోవడమే. ఇక ముప్ఫై ఏళ్లు నిండాక 2024లో బాల్టిమోర్‌లో 1921 గజాలు, సగటు 5.9. పరుగెత్తగల క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ పక్కన ఉండటం కలిసొచ్చింది నిజమే. కానీ ముప్ఫైకి రన్నింగ్ బ్యాక్ పని అయిపోయిందని లెక్కలు కట్టేవాళ్లు అతన్ని చూసి ఒకసారి ఆగాలి.

శాన్ హోసే సీనియర్ · 2025 ఫిబ్రవరి 14

ఫ్రాంక్ గోర్ పేరు రాకుండా ఈ చర్చ ముగియకూడదు. మయామీ కాలేజీలో రెండు మోకాళ్ల లిగమెంట్లూ ఒకదాని తర్వాత ఒకటి తెగాయి. 2005లో మూడో రౌండులో 65వ ఆటగాడిగా ఫార్టీ నైనర్స్ తీసుకున్నారు. పదహారు సీజన్లు ఆడాడు, సరిగ్గా 16,000 గజాలు. ఎమ్మిట్ స్మిత్, వాల్టర్ పేటన్ తర్వాత మూడో స్థానం.

అతనికి మెరుపు వేగం ఎప్పుడూ లేదు. ఉన్న కాస్తా వయసుతో తగ్గుతూ పోయింది. ముప్ఫై ఐదేళ్ల వయసులో, 2018లో, మయామీ డాల్ఫిన్స్‌కు 156 సార్లకు 722 గజాలు తెచ్చాడు, సగటు 4.6. కుర్రవాళ్లే అందుకోలేని సగటు. లైను కదలకముందే చీలిక ఎక్కడ పుడుతుందో తెలుసుకోవడం, అక్కడికి పొట్టి అడుగులతో వెళ్లడం, నేరుగా వచ్చే దెబ్బను ఒక అంగుళం పక్కకు మళ్లించడం. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడటంలో కూడా గొప్పవాడు. అందుకే అన్నేళ్లు ప్రతి కోచ్‌కూ అతను కావాల్సి వచ్చాడు.

లెక్కల మాస్టారు · 2025 ఫిబ్రవరి 14

క్రిస్టియన్ మెకాఫ్రీ కూడా ఉన్నాడు. 2017లో పరుగు సగటు 3.7, మరుసటి ఏడాది 5.0. 2019లో 1387 గజాలు పరుగెత్తి, 1005 గజాలు బంతి అందుకుని సాధించాడు. ఒకే సీజన్‌లో రెండూ వెయ్యి దాటినవాళ్లు అప్పటికి అతనితో కలిపి ముగ్గురే, మిగతా ఇద్దరూ రోజర్ క్రెయిగ్, మార్షల్ ఫాక్.

నాకు కోపం తెప్పించేది ఒకటుంది. ఇంతసేపు మనం చెప్పుకున్నవన్నీ, కాపాడటం, ఓపిక, బంతి పట్టు, పక్వానికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. కొత్తవాడి మొదటి ఒప్పందమూ నాలుగేళ్లే. అంటే పని నేర్చుకుని పూర్తి ఆటగాడయ్యే వేళకు జట్టు అతన్ని వదిలి డ్రాఫ్ట్‌లో ఇంకో కుర్రవాణ్ని చవగ్గా తెచ్చుకుంటుంది. జాష్ జేకబ్స్ 2022లో, తన నాలుగో ఏట, 1653 గజాలతో లీగ్ మొత్తానికీ మొదటి స్థానంలో నిలిచాడు. దానికి ప్రతిఫలంగా 2023లో అతనికి దక్కింది బార్క్లీకి, టోనీ పొలార్డ్‌కు దక్కిందే: ఒక్క ఏడాదికి కోటి డాలర్ల చిల్లర విలువైన ఫ్రాంచైజ్ ట్యాగ్ (ఆటగాణ్ని వేరే జట్టుకు పోనీయకుండా ఒక్క ఏడాదికి కట్టిపడేసే ఒప్పందం), ఆ తర్వాత ఏ హామీ లేదు. రోజూ కారు ప్రమాదం లాంటి దెబ్బలు తినే మనుషులకు చేయాల్సిన న్యాయం ఇది కాదు. నేర్చుకోవడానికి గడువు ఇవ్వని చోట ఎదుగుదల గురించి మాట్లాడటం కష్టం.

జెర్సీ నివాసి · 2025 ఫిబ్రవరి 15

మాస్టారూ, మీ కోపం న్యాయమైనదే. మా జట్టు చేసిందీ అదే. ఆరేళ్ల తర్వాత చేయి విడిచారు, ఈగిల్స్ మూడేళ్లకు మూడు కోట్ల డెబ్బై ఏడు లక్షల యాభై వేల డాలర్లు ఇచ్చి తీసుకెళ్లారు.

అందరూ రాసినవి మళ్లీ చదివాను. నా మట్టుకు నేను తేల్చుకున్నది ఇది. మా దగ్గర చివరి ఏడాది నాటికే బార్క్లీ దాదాపు ఇప్పటి ఆటగాడే. అతను ఆపాటికే నేర్చుకున్నదాన్ని ఫిలడెల్ఫియా లైను బయటపెట్టింది. స్విఫ్ట్‌కు అదే లైను 4.6 ఇచ్చింది, ఇతనికి 5.8. ఆ తేడా అతను మా చెడ్డ లైను వెనక ఆరేళ్లు దెబ్బలు తింటూ సంపాదించుకున్నది.

బ్రాడ్ స్ట్రీట్ · 2025 ఫిబ్రవరి 15

చెడ్డ లైను వెనక ఎవరైనా నేర్చుకుంటారా, లేక అరిగిపోతారా? 2021లో బార్క్లీ సగటు 3.7. అది చదువులా నాకు కనపడటం లేదు. అతన్ని మీరు నాలుగేళ్ల ముందే మాకిచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఉప్పల్ కుర్రాడు · 2025 ఫిబ్రవరి 15

సూపర్ బౌల్ మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని చూస్తున్నాను, ఈసారి బంతిని వదిలేసి మూడో డౌన్లలో బార్క్లీని మాత్రమే. ఫ్రిస్కో అమ్మ గారూ, ఒక సందేహం. అతను కొన్నిసార్లు ఎదుటివాణ్ని ఒక్కసారి గుద్ది వెంటనే పక్కకు జారి బంతి కోసం చెయ్యి చాపుతున్నాడు. అది కావాలని చేసేదేనా?

ఫ్రిస్కో అమ్మ · 2025 ఫిబ్రవరి 15

కావాలనే బాబూ. ముందు తన వైపు ఎవరైనా వస్తున్నారేమో చూస్తాడు, వస్తే ఆపుతాడు, ఎవరూ రాకపోతే బంతి అందుకోవడానికి వెళ్తాడు. వెళ్తూ వెళ్తూ పక్కవాడు ఆపుతున్నవాడికి ఒక దెబ్బ తగిలించి పోవడం తోటివాడికి సాయం. ఒకే ఆటలో రెండు పనులు. మా అబ్బాయికి ఇది వచ్చే సీజన్‌లో నేర్పిస్తామన్నారు.